దావీదు గొంతుపట్టీ

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు ఆస్పత్రులు గొంతుపట్టీలు కడుతున్న రోజులవి. మెడకు కట్టిన ఆ యంత్రం మనసులోని మాటే పలుకుతుందనేవారు. స్పీచ్ థెరపీ చివరి ఏడాది చదువుతూ ఆ వార్డుకు శిక్షణకొచ్చిన వకుళకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"నాకు హాయిగా ఉందండీ, ఇంటికి పంపించండి," అంది లారీ మెకానిక్ దావీదు మెడలోని పట్టీ. ఆయన కళ్లల్లో మాత్రం నీళ్లు తిరుగుతున్నాయి.

"డాక్టరుగారు డిశ్చార్జి రాసేశారు. ఇంక నీకెందుకమ్మా?" అంది నర్సు.

వకుళ వినిపించుకోకుండా పట్టీ విప్పింది. "మెల్లగా చెప్పండి బాబాయ్, నేనిక్కడే ఉంటా."

దావీదుకు మాట పెగలడానికి పావుగంట పట్టింది. "త... తల... నొప్పి."

వకుళ పరుగున వెళ్లి డాక్టరును లాక్కొచ్చింది. స్కాను తీస్తే మెదడులో కొత్తగా రక్తం గడ్డకట్టి కనబడింది. దావీదును వెంటనే ఆపరేషనుకు తీసుకెళ్లారు.

వార్డులో ఇంకా పదకొండు పట్టీలు నవ్వుతూ కబుర్లు చెబుతున్నాయి. వకుళ పక్క మంచం దగ్గరికి నడిచింది.