వెంట్రుకల వత్తి

కడప పార్కులో మొక్కలు నాటే యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఈ పద్ధతి వాడాలంటే లిస్బన్‌లోని ఇనేష్ గారి అనుమతి కావాలి" అని చక్కటి తెలుగులో చెప్పింది.

పార్కును తీర్చిదిద్దుతున్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ విభావరి యంత్రం మీట మళ్లీ నొక్కి చూసింది. ఆమె వృత్తిలో ఉన్నవాళ్లంతా దేశాల ఎల్లలు చెరిపేసి ఒకే కూటమి అయ్యాక, ఏ పద్ధతిని ఎవరు ముందు నమోదు చేస్తే అది వాళ్లదే. ఆ కూటమిలోనే ఇనేష్ పరిచయమైంది. తొమ్మిదేళ్లుగా రోజూ ఇద్దరూ కాఫీ తాగుతూ తెర మీద కబుర్లాడుకునేవారు. ఎండలకు తన చెట్లన్నీ మాడిపోతున్నాయని మొన్న ఇనేష్ ఏడిస్తే, విభావరి మనసు కరిగి చెప్పేసింది. కుండ అడుగున చిల్లి పెట్టి, తల దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలను వత్తిలా పేని అందులో దూర్చి, నీళ్లు పోసి మొక్క పక్కన పాతిపెడితే వేర్ల దగ్గర తడి ఆరదని.

"అక్కా అని తెలుగులోనే పిలిచేదవ్వా! నమ్మించి గొంతు కోసింది" అంది విభావరి, పక్కనే కుండ పట్టుకుని నిలబడ్డ తోటమాలి ఓబులమ్మతో.

ఓబులమ్మ కుండను కింద దించింది. చేతిలోని వెంట్రుకల చుట్టను కొంగున ముడి వేసుకుంది.

"మా అవ్వ సచ్చేముందు నాకు జెప్పింది. నా కోడలికి గూడా నేను జెప్పలేదు. ఎవురికీ జెప్పనని నువ్వు ఒట్టేస్తివి."

"అది కాదవ్వా, ఆ ఇనేష్..."

"ఆయమ్మెవురో నాకు తెలీదు మేడం. నేను జెప్పింది నీకు."