మూడో పిలుపు

ఐదో ముద్దాయి రాలేదు.

తెనాలి మేజిస్ట్రేటు కోర్టులో అది రైలు ఆపిన కేసు. హైదరాబాదు ఉద్యోగాలు అక్కడివాళ్లకేననే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని కిందటేడు సుప్రీంకోర్టు అంది. తీర్పు ఢిల్లీలో, మంట తెనాలిలో! కుర్రాళ్లు వెళ్లి పట్టాల మీద కూర్చున్నారు. అయిదుగురికి జామీను దొరికింది. వాయిదాకు ఒక్కసారి తప్పినా, అంటే మూడు పిలుపులకూ పలక్కపోతే, అది రద్దు. నేరుగా జైలుకే.

పేర్లు పిలిచేది బిళ్ల బంట్రోతు అబ్దుల్ షుకూర్. పాతికేళ్ల సర్వీసు. వరండాలో నిలబడి ఆయన కేకేస్తే బస్టాండులో టీ తాగేవాళ్లు ఉలిక్కిపడతారు.

"వరప్రసాదం, తండ్రి కోటేశ్వరరావు!"

వరప్రసాదం వచ్చి నిలబడ్డాడు. మరో ముగ్గురు కూడా తండ్రుల పేర్లతో సహా పిలిపించుకుని వచ్చారు.

"జాన్ సైదా!"

ఎవరూ పలకలేదు. జాన్ సైదా తెనాలిలో ఉండకూడదని షరతు. రేపల్లెలో మేనమామ ఇంట్లో ఉంటున్నాడు. అక్కడి నుంచి రావలసిన ప్యాసింజరు ఇంకా రాలేదు. రైలు ఆపినవాణ్ణి ఇవాళ రైలే ఆపేసింది, ఖర్మ కాకపోతే!

మేజిస్ట్రేటు బాపట్ల నుంచి బదిలీ మీద నిన్ననే వచ్చాడు. గడియారం చూశాడు.

"రెండోసారి పిలువు."

షుకూర్ కదిలాడు. ఏం కదలడం అది! తలపాగా సర్దుకున్నాడు. దగ్గాడు. మంచినీళ్లు తాగాడు. గేటు దాకా నడిచి, స్టేషను వైపు తిరిగి అరిచాడు.

"జాన్ సైదా!"

తిరిగొచ్చేసరికి మేజిస్ట్రేటుకు ఒళ్లు మండిపోతోంది.

"ఏంటయ్యా ఈ నాన్చుడు? ముద్దాయి దగ్గర ఏమన్నా పుచ్చుకున్నావా?"

"లేదండి."

"తండ్రి పేరు ఎందుకు ఎగ్గొడుతున్నావు? రేపు వారంటు మీద పేచీ వస్తే నువ్వు జవాబు చెప్తావా? ఈసారి పద్ధతి ప్రకారం పిలువు."

బెంచి గుమాస్తా వెంకటప్పయ్య గబుక్కున లేచాడు. "సాయిబుగారికి గొంతు బాగాలేదండి. నేను పిలుస్తానండి."

"ఎవరి పని వాళ్లు చెయ్యండి."

అప్పుడు వినిపించింది రైలు కూత. హాల్లో అందరూ తలలెత్తారు. కానీ స్టేషను నుంచి పరుగెత్తుకొచ్చినా పది నిమిషాలు పడుతుంది.

"బండి వచ్చిందండి," అన్నాడు షుకూర్, చేతులు జోడించి. "పది నిమిషాలు ఆగండి, బాబూ. కుర్రాడు వచ్చేస్తాడు."

"నీకెందుకయ్యా అంత ఆత్రం? పిలువు!"

మేజిస్ట్రేటు వారంటు ఫారం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు. వెంకటప్పయ్య ఫైల్లోకి తల దించేసుకున్నాడు. ముద్దాయిలు నలుగురూ గోడవైపు చూస్తున్నారు.

షుకూర్ వరండాలోకి వచ్చాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. రొమ్ము మీది బిళ్లను పిడికిట్లో పట్టుకుని, పాతికేళ్లలో ఎన్నడూ పిలవనంత గట్టిగా పిలిచాడు.

"జాన్ సైదా... తండ్రి అబ్దుల్ షుకూర్!"