తెల్ల చారలు

వకీలు ధర్మేందర్ నల్ల ప్యాంటు ఆ రోజు జనగామ కోర్టులో నలుగురి నోళ్లలో పడింది.

"ఏంది వకీల్ సాబ్, ఇంటికి సున్నమేసి ఇటే వచ్చినవా?" అన్నాడట తోటి వకీలొకడు. ప్యాంటు నిండా తెల్ల చారలు. సబ్బు పౌడర్ సరిగ్గా పోక, ఆరాక తేలిన చారలు.

ఆ అవమానం సాయంత్రం ఇంటికొచ్చి భార్య అమూల్య మీద పడింది. ఆమె మీద నుంచి మర్నాడు పొద్దున్నే జమ్లీ మీద పడింది. ఆ తర్వాత పడడానికి ఇంకెవరూ లేరు మరి.

జమ్లీ వాళ్లింట్లో వాకిలి ఊడ్చి, బట్టలుతికే మనిషి. పాలకుర్తి దారిలోని తండా నుంచి ఆటోలో వస్తుంది. ఉతికేది చేత్తో కాదు, వెనక వరండాలోని మిషన్‌లో.

"ఎన్నిసార్లు చెప్పాలె జమ్లీ?" బడికి టైమైపోతున్నా చెప్పులేసుకోకుండా నిలబడి అడిగింది అమూల్య టీచర్. "పౌడర్ ఒక్క చెంచా చాలని చెప్పిన. బట్టలు కుక్కద్దని చెప్పిన. క్విక్ బటన్ అసలే ఒత్తద్దు, దానికి నీళ్లు సరిపోవని చెప్పిన."

"అన్ని చేస్తున్నమ్మా."

"చేస్తే గీ చారలెక్కడియి? నువ్వు రాకముందు గిట్ల లేకుండె. నెలకొచ్చే ప్యాకెట్ వారానికే ఒడుస్తుంది. తండాకు తీస్కపోతున్నవా ఏంది?"

జమ్లీ మొహం మాడిపోయింది. పేదదానికి నోట్లో మాట ఉంటే మాత్రం ఎవరు వింటారు? వింటే గింటే చిలుకమ్మే వినాలి. ధర్మేందర్ తల్లి.

"ఊకో అమూల్యా," అంది చిలుకమ్మ. "ఆమె అసుంటిది గాదు. నాకెరుక."

"మీరే నెత్తికెక్కిస్తున్నరు అత్తమ్మా. జమ్లీ, ఇయ్యాల గూడ చారలుంటే రేపటి సంది రాకు."

అమూల్య వెళ్లిపోయింది. ఈ పని పోతే జమ్లీ మళ్లీ పట్నం పోవాలి, మళ్లీ కూలీల అడ్డా మీద నిలబడాలి. మొగుడు వాల్యాతో కలిసి ఇటుకలు మోసి మోసి నడుము విరగ్గొట్టుకుని వచ్చింది. ఇంకోసారి మోస్తే మంచాన పడుడే అని దవాఖానలో ముందే చెప్పారు.

"పరేషాన్ గాకు బిడ్డా," అంది చిలుకమ్మ. పూల బొమ్మలున్న కప్పులో చాయ్ తెచ్చి వరండా అరుగు మీద పెట్టింది. ఆ కప్పు జమ్లీ కోసమని ఆమె అంగట్లో ఏరి కొన్నది. "గీ కప్పు నీదే. ఇంట్ల ఎవ్వరు ముట్టరు" అని ఇచ్చిన రోజే జమ్లీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వంటింట్లోకి రావొద్దు, నడుము నొప్పి గద, వరండాలోనే కూచోమంటుంది. ఇంతటి మనిషిని జమ్లీ అవ్వా అని పిలవడం ఎప్పుడో మానేసింది. తన భాషలో అమ్మను పిలిచినట్టు, యాడీ అని పిలుస్తుంది.

ఆ రోజు జమ్లీ ప్రాణం పెట్టి ఉతికింది.

మిషన్‌ను సగానికి మించి నింపలేదు. చెంచా తలకొట్టి పౌడర్ తీసుకుని, వేడినీళ్ల చెంబులో పలుకు లేకుండా కరిగించి పోసింది. మిషన్ ఆగాక ఉత్తనీళ్లతో ఒకసారి తిప్పింది. నమ్మకం చాలక ఇంకోసారి తిప్పింది. నల్ల ప్యాంటు తీసి చెంబులో పిండితే నీళ్లు తేటగా దిగాయి. నురగ లేదు, జిగట లేదు. జేబులు తిరగేసి చూసింది. కుట్ల సందుల్లో వేలు పెట్టి రుద్ది చూసింది.

"సూడు యాడీ. ఇప్పుడేమంటరో అననియ్యి."

"మంచిగున్నయి బిడ్డా. బకెట్ల పెట్టి పో. ఎప్పట్లెక్కనే నేనారేస్తలే. నీ నడుముకు ఏం తిప్పలు?"

జమ్లీ నవ్వుకుంటూ బయటపడింది. రేపు అమూల్య టీచర్ మొహం ఎట్లుంటుందో చూడాలి అనుకుంది. ఆ దొంగతనం మాట వెనక్కి తీసుకుంటుందా? తీసుకోకపోయినా ఫర్వాలేదు, పని నిలబడితే చాలు.

ఆటో ఎక్కబోతుంటే గుర్తొచ్చింది, సద్ది డబ్బా వరండాలోనే మరిచిపోయానని. వెనక్కి నడిచింది. పక్కసందులోంచి పోతే వరండాకు దగ్గర.

సందులో ఉండగానే మిషన్ మూత పడిన చప్పుడు వినిపించింది. ఇంట్లో ఉతకాల్సిన బట్టలింకేం మిగల్లేదే అనుకుంటూ గోడ మీదుగా తొంగి చూసింది. తాను నింపిన బకెట్టు ఖాళీగా ఉంది. మిషన్ మీద క్విక్ బటన్ దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. పౌడర్ అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ, చెవికీ భుజానికీ నడుమ ఫోను ఇరికించుకుని, చిలుకమ్మ ఎవరితోనో అంటోంది:

"ఏం జేస్తమే చెల్లే, తండా ఆమె ముట్టిన బట్టలాయె, రెండు పిడికిళ్ల పౌడరేసి మల్లొకసారి తిప్పందే గవి తొడుక్కొని పూజకు దేవుని అర్రలకు ఎట్ల పోతరే?"