ఉత్త మెరుపు

"ఫొటో వచ్చిందా బిడ్డా?" అని అడిగింది ముసలి ద్వాళి, కళ్ళు నులుముకుంటూ.

"వచ్చిందవ్వా. మంచిగొచ్చింది," అంది సుగుణ.

రాలేదు. రాదు కూడా. సుగుణ కెమెరా బటన్ జోలికే పోలేదు. బ్యాటరీ ఉందో లేదో చూసుకోవడానికి ఫ్లాష్ వెనక ఎర్ర బుడిపె ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కింది. మెరుపు మెరిసింది. అంతే.

తండాలో పెళ్ళి ఫొటోలు తీయడానికొచ్చింది సుగుణ. రీలులో మిగిలినవి రెండే. అవి పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు తీయాలి. ఇంటి దగ్గర పది నెలల బిడ్డ. పాలు చేపి జాకెట్టు తడుస్తోంది. ఈ బస్సు పోతే సూర్యాపేటకు మళ్ళీ చీకటిదాకా లేదు. పెళ్ళివాళ్ళంతా భోజనాల దగ్గర ఉంటే, ఈ ముసలమ్మ మాత్రం సుగుణ చెయ్యి పట్టుకుని తన గుడిసె దగ్గరికి తీసుకొచ్చింది. పెట్టె అడుగున దాచుకున్న అద్దాల రవిక వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మా కొడుకు సేవ్యా మిర్యాలగూడ మిల్లుల బస్తాలు మోస్తడు. వానికి పంపిస్త. నన్ను సూడబుద్ధైతే సూస్కుంటడు," అంది. పైగా కొంగున కట్టుకొచ్చిన పల్లీలు సుగుణ సంచిలో పోసింది.

తిరుగు బస్సు చివ్వెంల దాటి పోతూనే ఉంది. ఆ పల్లీలు ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేకపోయింది సుగుణ.

పక్కన మనిషి ఉంటే ఆ పని చేసేదా? అత్త ముత్తమ్మ పొద్దున చెప్పనే చెప్పింది. "ఆడిమనిషివి, తండాకు ఒక్కదానివే పోతవా? పొల్లను సంకనేసుకొని నేనొస్త పా."

సుగుణే వద్దంది. "ఆయన ఎన్నడన్నా తోడు తీస్కపోయిండా అత్తమ్మా? తోడుంటే పని సాగదంటడు గద."

నిజమే. భర్త సైదులు ఫొటోలకు ఎప్పుడూ ఒక్కడే వెళ్తాడు. స్టూడియోలో చిన్న చిన్న ఫొటోలు సుగుణ చేత తీయిస్తాడు గానీ, ఫ్లాష్ పట్టుకుంటానని ఎన్నిసార్లు బతిమాలినా బయటికి తీసుకెళ్ళలేదు. మోటారుసైకిల్ మీంచి పడి కాలికి కట్టు పడబట్టి గానీ, లేకపోతే ఈ పెళ్ళి ఆమె చేతికి వచ్చేదే కాదు.

ఆ చేతిని చూసుకుంటే ఏడుపొచ్చింది. మనిషి పోయాక ఫొటో లేకపోతే ఎలా ఉంటుందో సుగుణకు తెలుసు.

కోదాడలో అక్క పెళ్ళికి సైదులే ఫొటోలు తీశాడు. అప్పటికి అతనెవరో, తనెవరో. మర్నాడు పొద్దున సామాను సర్దుకుంటున్న అతన్ని పెరట్లోకి పిలిచి, అమ్మ ఒక్క ఫొటో తీయించుకుంది. "మెరుపు మెరిసింది, చప్పుడన్నా కాలేదే! ఎంత మెత్తటి చెయ్యో ఆ పిల్లాడిది," అని వంటింట్లోకొచ్చి ముచ్చటగా చెప్పింది.

రెండు నెలలకు జ్వరమొచ్చి పోయింది అమ్మ. ఫొటో కోసం నాన్న కబురు పెడితే, సైదులే బస్సెక్కి వచ్చాడు. రీలు కొసకు వెలుతురు తగిలి పాడైందని చెప్పి, గడపలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పరాయి వాళ్ళ తల్లి కోసం ఇంతగా ఏడ్చే మనిషి ఎక్కడ దొరుకుతాడని, నాన్న రెండో కూతుర్ని అతనికే ఇచ్చాడు. పెళ్ళయ్యాక సుగుణను ఒక్కనాడు కసిరింది లేదు.

అలాంటి మనిషి పెళ్ళామై ఉండి, తను చేసిన పనేమిటి?

ఇంటికి రాగానే బిడ్డకు పాలిస్తూ అంతా చెప్పేసింది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. సైదులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "రేపు పోదాం," అన్నాడు.

"పోదామా? నువ్వు కట్టు కాలుతోని యాడికొస్తవయ్యా?"

"వస్త. ముసలి మనిషి. ఆల్చెం చెయ్యొద్దు."

పొద్దున ముత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓరి నీ! కాళ్ళు మంచిగున్నన్ని దినాలు పెండ్లాన్ని ఎంట తీస్కపోలే. ఇప్పుడు కుంటుకుంట పోతున్నవా?"

బస్సు దిగినప్పటి నుంచి సుగుణ భుజం పట్టుకునే నడిచాడు సైదులు. ద్వాళి గుడిసె ముందే కూర్చుని ఉంది.

"మల్లెందుకొచ్చిన్రు బిడ్డా? నిన్ననే తీస్తివి గద!"

నిజం చెప్పేద్దామనుకుంది సుగుణ. ఆ నవ్వు ముఖం చూసి ఆగిపోయింది.

"దానికి వెలుతురు తగిలిందవ్వా," అంది సుగుణ.

సైదులు నేల చూశాడు.

ద్వాళి విసుక్కోలేదు. లోపలికి పోయి మళ్ళీ ఆ అద్దాల రవికే వేసుకొచ్చింది. గాజులు పైకి జరుపుకుని నిటారుగా నిలబడింది.

"మీ సేవ్యా ఎదురుంగ ఉన్నడనుకోని సూడవ్వా."

ముసలమ్మ ముఖం వెలిగింది. సుగుణ ఈసారి కెమెరా బటనే నొక్కింది. మెరుపుతోపాటు టక్కుమంది కెమెరా. ద్వాళి ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వింది.

"ఓయమ్మో! ఇయ్యాల టక్కుమన్నది! నిన్న ఉత్త మెరుపే, సప్పుడే రాలె!"

సుగుణ కెమెరాను కంటి దగ్గర్నుంచి తీయకుండానే భర్త వైపు తిరిగి, "మా అమ్మ ఫొటోకు గూడ చప్పుడు రాలేదు గదయ్యా," అంది.