చెక్క గంట

“టార్చిలో బ్యాటరీలేవి?”

“ట్రాన్సిస్టర్లో వేశాను. ఈరోజు మ్యాచ్ కదా.”

“గుహలో మ్యాచ్ వింటారా?”

విశాఖలో మొదలైన ఆ తగువు అరకు రైలు దిగినా తెగలేదు. రామారావుకి స్కోరు దిగులు. హేమలతకి చీకటి దిగులు. ఐదేళ్ల చిట్టి ఎవరి చేతికీ చిక్కే రకం కాదు.

గుహ మెట్ల దగ్గర ఒక ముసలామె అడ్డొచ్చింది. చేతిలో తాడు కట్టిన చెక్క గంట.

“లోపల కరెంటు పోతాదమ్మా. మీ గుంట నడుముకి కడతాను. ఏ మూలనున్నా సప్పుడొత్తాది.”

“మా పిల్లేమన్నా దూడా?” అంది హేమలత. ఇలా అంటగట్టేవాళ్లను ఆమె చాలామందిని చూసింది.

“సీకట్లో దూడైనా గుంటైనా ఒకటే.”

చిట్టి అప్పటికే గంట పట్టుకుంది, వదలదు.

“కట్టించెయ్. వచ్చేటప్పుడు డబ్బులిద్దాం,” అన్నాడు రామారావు.

ముసలామె ముడి బిగించి, వెనక్కి తిరక్కుండా గబగబా కొండవాలు ఎక్కిపోయింది.

లోపల సున్నపురాళ్లు పొదుగుల్లా వేలాడుతున్నాయి. కొసల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

“అమ్మా, పాలు,” అంది చిట్టి.

దీపాలు ఆరిపోయాయి.

జనం ఒక్కసారిగా తోసుకున్నారు. హేమలత గుప్పిట్లోంచి చిన్న చెయ్యి జారిపోయింది.

“చిట్టీ!”

తన గొంతే నాలుగు దిక్కులనుంచీ తిరిగొచ్చింది. రామారావు ట్రాన్సిస్టర్ మూత లాగితే బ్యాటరీలు ఎటో దొర్లిపోయాయి.

అప్పుడు, ఎడమవైపు కిందనుంచి, లొటలొట.

ఆ చప్పుడు వెంట హేమలత రాళ్లు తడుముకుంటూ పాకింది. చేతికి ముందు గంట తగిలింది. తర్వాత చిట్టి.

దీపాలొచ్చాక చూస్తే పిల్ల పాదాల ముందు అడుగు కనిపించని గొయ్యి.

బయట పాక హోటల్లో ఆకుల్లో అన్నం వడ్డించారు. కొండమీద ఎవరో ఎవరినో ఆగకుండా పిలుస్తున్నారు.

“ఈ గంట షోకేసులో పెడదాం. ఆమెకి అడిగినంత ఇచ్చేద్దాం,” అన్నాడు రామారావు.

“గంటలమ్మే ముసలామె ఎక్కడ కూర్చుంటుంది?” హేమలత వడ్డిస్తున్న హోటలామె కనకను అడిగింది.

“ఇక్కడ గంటలెవలమ్ముతారమ్మా?”

చిట్టి నడుము చూసి కనక గరిటె ఆగింది.

“మీరడిగే ముసలామె సోములమ్మే. ఇది ఆవిడ ఆవు మెళ్లోది. ఉన్నది ఆ ఒక్క ఆవే. గంట లేక అడవిలో ఎటెల్లిపోనాదో తెలీటం లేదు. అదిగో, కొండమీద కేకలేత్తన్నది ఆవిడే.”

హేమలత సగం అన్నం ఆకులోనే వదిలి లేచింది.

“రైలు పోతే పోనీండి. ఆ ఆవు దొరికాకే మనం ఇంటికి.”