గీతలు పడ్డా ఫరవాలేదు

"దీన్ని ఒకసారి కింద పడేస్తారా?" అంది ఆవిడ.

పాత మోటారుసైకిళ్లు అమ్మే ఆ కొట్లో సేల్స్‌మన్, తను విన్నది నిజమేనా అనుకున్నాడు. పొద్దుట్నుంచి నిలబడి నిలబడి అతని కాళ్లు పీకేస్తున్నాయి. షట్టరు దించేసి ఇంటికెళ్లి నడుం వాలుద్దామనుకుంటుంటే దిగబడ్డారు ఈ మొగుడూ పెళ్లాలూ. మొగుడు గుమ్మం దగ్గరే ఆగిపోయి రోడ్డుకేసి చూస్తున్నాడు. మాటల్లేవు. బేరమంతా ఆవిడదే.

"మైలేజీ ఎంతని అడుగుతారమ్మా ఎవరైనా. పడెయ్యమంటారేంటి?"

"నేను టీకాలు వేసే నర్సుని. డ్యూటీ కొండ మీద ఊళ్లలో. తారురోడ్డు సగం వరకే. ఆపైన అన్నీ బండరాళ్లు, బురద. బండి మీద తప్ప పైకి వెళ్లలేం. వెళ్లినప్పుడల్లా ఎక్కడో ఓ చోట పడుతూనే ఉంటాం."

"పడితే గీతలు పడవూ?"

"పడనీండి. గీత పడినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనే బండి నాకొద్దు."

ఇదేదో తేలే బేరం కాదని సేల్స్‌మన్‌కి అర్థమైంది. అయినా అలవాటుకొద్దీ ఓ మూల ధగధగలాడుతున్న ఎత్తుబండి దగ్గరికి తీసుకెళ్లాడు.

"రాళ్లలోనైనా రోడ్డు మీదైనా దీనికి తిరుగులేదమ్మా. ఎక్కి కూర్చుంటే ఏనుగు మీద కూర్చున్నట్టే."

"దీన్నే పడేయండి ముందు."

"అయ్యో, దీన్నా!"

"పోనీ పడెయ్యకండి. మెల్లగా పడుకోబెట్టండి చాలు."

వాదించే ఓపిక లేదు. కొట్టు ముందున్న మట్టినేలలోకి తోసుకెళ్లి, పసిపాపని పడుకోబెట్టినట్టు బండిని పక్కకి వాల్చాడు. ఆవిడ పైట నడుముకి బిగించింది. బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకుని, కాళ్లు నేలకి తన్నిపెట్టి వెనక్కి నెట్టింది. మెడ మీద నరాలు ఉబ్బాయి. బండి జానెడు లేచి మళ్లీ కూలబడింది.

అది చూసి గుమ్మం దగ్గరున్నవాడు రెండడుగులు ముందుకేశాడు.

"నువ్వు రాకు," అంది ఆవిడ, అతనికేసి చూడకుండానే.

అతను ఆగిపోయాడు. 'మొగుణ్ణి ఎంత అదుపులో పెట్టిందిరా బాబూ!' అనుకున్నాడు సేల్స్‌మన్. ఇంట్లో తన పరిస్థితి గుర్తొచ్చి అతని మీద కాస్త జాలి కూడా కలిగింది.

ఇంకో బండి వాల్చాడు. అది నడుం దాకా లేచి, ఆవిడ మడమ జారి మళ్లీ పడింది. క్లచ్ లివరు వంగింది. సేల్స్‌మన్ గుండె కలుక్కుమంది. 'ఇక చాలు తల్లీ' అనబోయాడు గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాడు. బస్సులో నిలబడి నిద్రపోయేవాళ్ల మొహంలా ఉంది. అయినా కళ్లు మాత్రం తర్వాతి బండిని వెతుకుతున్నాయి.

"ఇంకేం ఉన్నాయి?"

"ఒకటుంది. చూపించడానికే మొహమాటంగా ఉందమ్మా."

గోడవారగా ఉన్న బక్కపలచని బండిని తోసుకొచ్చాడు. చక్రాలు మాత్రం ఎత్తుగా, ముళ్ల టైర్లతో ఉన్నాయి. ట్యాంకుకి సొట్ట. ఒంటినిండా పిల్లులు రక్కినట్టు గీతలు. ఈసారి మెల్లగా వాల్చాలన్న జాగ్రత్త కూడా పడలేదు, వదిలేశాడు. ధన్‌మని పడింది.

ఆవిడ వీపు ఆనించింది. పళ్లు బిగించి నెట్టింది. బండి లేచి నిలబడింది.

"మళ్లీ పడేయండి."

మళ్లీ లేపింది. ఈసారి ఇంకాస్త తొందరగా. మొహాన్ని మోచేత్తో తుడుచుకుని, "ఇదే," అంది.

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది. కాగితాల పని చకచకా కానిచ్చేసి, తాళంచెవి ఆవిడ వెంట వచ్చినతని చేతికిచ్చాడు. అతను బండెక్కి కూర్చున్నాక, ఇక ఉండబట్టలేక ఆవిడనే అడిగేశాడు.

"నడిపేది సారు. పడితే లేపేదీ సారే కదా! మధ్యలో మీకెందుకమ్మా ఇంత హైరానా?"

ఆవిడ అరచేతులకంటిన మట్టి దులుపుకుంది.

"నడిపేవాళ్లు బండి కింద ఉంటే, వెనక కూర్చున్నవాళ్లే కదండీ లేపాల్సింది. పోయినసారి నావల్ల కాలేదు. కొండ మీద ఎవరున్నారు పిలవడానికి? మనుషులొచ్చేసరికి చాలా ఆలస్యమైపోయింది."

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు అది. సేల్స్‌మన్‌ బండి మీదున్న మనిషిని ఎగాదిగా చూశాడు. కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి.

"పోనీలెండమ్మా. ఎంత ఆలస్యమైనా సారుకేం కాలేదు. అదే పదివేలు."

ఆవిడ వెనక సీటు మీది మట్టి తుడిచింది. అతను బండి స్టార్ట్ చేసి, అప్పుడు నోరు విప్పాడు.

"ఆ రోజు కింద ఉన్నది నేను కాదండీ, మా అన్నయ్య," అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి మెల్లగా పిలిచాడు. "ఎక్కు వదినా."