చౌడమ్మ ముడి

చింతామణిలో పట్టు దారం అమ్మే గురుప్రసాద్ ఆ రాత్రి గోడౌన్‌లో ఒక్కడే కూర్చుని చైనా దారం పెట్టె విప్పాడు. చవగ్గా దొరికే ఆ దారంతో నేతగాళ్ళు కాస్త తేరుకున్నారు. ఆయన మాత్రం వెనక కొట్టంలో దారం తీసే పొయ్యిలు ఆర్పేశాడు. ఏళ్ళ తరబడి మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు దేవిన చౌడమ్మను, "ఇంక నీ చేతులు కాలవులేమ్మా" అని పంపించేశాడు. మంచిమాట అనుకునే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఆయన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

పెట్టెలో చిలప, అంటే దారం చుట్ట, తడిగా తగిలింది. తెగిన చోట ఒక ముడి. కొసను పంటితో కొరికి, వెనక్కి మడిచి వేసిన ముడి. అట్లా వేసేది చౌడమ్మ ఒక్కతే. ఇంకో చిలప తీశాడు. అదే ముడి, ఇంకా వెచ్చగా ఉంది.

ఆమెకు ఫోన్ చేశాడు.

"చౌడమ్మా, ఇప్పుడు ఎవురి దగ్గర పని చేస్తాండావు?"

"యాడ పనప్పా? ఇంట్లోనే పడుకోనుండా."

ఆయన ముడి సంగతి చెప్పాడు.

"కన్ను మూస్తే చాలు, మరిగే నీళ్ళలో చేతులు కాలతాండాయి. తెల్లారి చూస్తే బొబ్బలు. నిద్రలో నా పక్కన కూచున్న ఆడోళ్ళ మాట నాకు అర్థం కాదప్పా. వాళ్ళ చేతులూ నా చేతుల మాదిరే ఉండాయి."